పక్క సీటులో టకటక

రెండేళ్ల కిందట పుదుచ్చేరి తట్టాంచావడిలోని ఒక కేంద్రంలో పైచదువుల ప్రవేశ పరీక్ష రాశాను. మొదట కంప్యూటర్లో వ్యాసం టైపు చేయాలి. ప్రశ్న కనబడిందో లేదో, పక్క సీటు అమ్మాయి టకటకా మొదలుపెట్టేసింది. ఆ చప్పుడుకి నా తల ఖాళీ అయిపోయింది. చేతులు ఒళ్లో పెట్టుకుని బిగుసుకుపోయాను. ఒక్క పేరా అయినా పూర్తికాకుండానే గడువు ముగిసింది.

మార్కుల సంగతి చెప్పక్కర్లేదు. మళ్లీ రాయాలంటే వణుకు. వాన రేకుల మీద పడినా, పక్కింట్లో కుట్టుమిషను ఆడినా నాకు ఆ వేళ్లే వినిపించేవి.

"మళ్లా రాసేదా వద్దా అని ఎన్ని దినాలు యోచన చేస్తావే? రాసేదుంటే రాయి, లేకుంటే విడిసిపెట్టు" అని అమ్మ విసుక్కునేది.

ఒకరోజు విల్లియనూరు బస్సులో అమ్మతో ఫోన్లో మాట్లాడుతుంటే, నా తెలుగు విని పక్కనున్న అమ్మాయి తిరిగి చూసింది. ఆ అమ్మాయే! యానాం నుంచి వచ్చి ఇక్కడ చదువుకుంటోందట.

"ఆ రోజు మీరు కీబోర్డు ముట్టుకోకుండా కూర్చున్నారు కదండీ. అబ్బో, ఎంత ధీమానో అనుకున్నాను. భయమేసి, రాసిందే రాసి చెరిపేసుకున్నానండి. ఇంక ఆ పరీక్ష జోలికి పోనండి" అంది.

నాదీ భయమేనని చెప్పేలోగా ఆమె దిగిపోయింది.

ఆ వారమే మళ్లీ దరఖాస్తు చేశాను. పరీక్షలో వ్యాసం మొదలవగానే మళ్లీ అదే టకటక. ఆ వేళ్లు నావేనని తెలియడానికి కాస్త సమయం పట్టింది. ఈసారి పక్క సీటులో ఉన్నతను చేతులు ఒళ్లో పెట్టుకుని కదలకుండా కూర్చున్నాడు.

నాకు సీటొచ్చింది. ఆ చేతులు మాత్రం ఇప్పటికీ నా కళ్లముందు నుంచి కదలడం లేదు.

— కె. వసంత, పుదుచ్చేరి