మా ఇంజినీరుగారి పారిపోయిన తాత

సౌదీలో, రాస్ తనూరా చమురు రేవులో నేను పనిచేసిన కాంట్రాక్టు కంపెనీలో నాది టైపిస్టు ఉద్యోగం. నా ఇఖామాలో, అంటే అక్కడ ఉండటానికిచ్చే కార్డులో, మాత్రం వడ్రంగి అని ఉండేది. కడపలో వీసా ఇప్పించిన ఏజెంటు దగ్గర ఆ రోజుకు వడ్రంగి వీసాలే మిగిలాయి మరి. సుత్తి పట్టడం రాకపోయినా ప్రభుత్వ కాగితాల్లో ఏళ్ల తరబడి నిక్షేపంగా వడ్రంగినే. దానివల్ల ఎవరికీ ఏ ఇబ్బందీ కలగలేదు, చెక్కకు కూడా.

తర్వాత, కంపెనీలు సొంత దేశస్థులకు ఉద్యోగాలివ్వాలనే నితాకత్ రూలు వచ్చింది. ఏ కంపెనీలో ఎంతమంది సౌదీలున్నారో చూసి దానికో రంగు వేశారు. సౌదీలు లేని మాది ఎరుపు. ఎరుపు కంపెనీలో ఎవరి ఇఖామా గడువు తీరినా కొత్తది రాదు. పైగా తనిఖీలు. కాగితంలో ఉన్న పని కాక వేరే పని చేస్తూ దొరికితే ఊరికి పంపేస్తారు. తనిఖీవాళ్ల బండి గేటు దగ్గర ఆగగానే మా మేనేజరు నన్ను మేడమీద చివరి గదిలోకి తోసేసేవాడు.

అది అమెరికన్ ఇంజినీరుగారి గది. ఆయనకు డెబ్బై దగ్గరపడ్డాయి. పైపుల నక్షాల మీద సంతకాలు పెట్టగా మిగిలిన పొద్దంతా వంశచరిత్ర రాసుకునేవారు. దాక్కున్నవాణ్ణి ఖాళీగా కూర్చోబెట్టడం దేనికని నాచేత టైపు చేయించడం మొదలుపెట్టారు.

ఆయన పూర్వీకుడు ఒకాయన, అమెరికా ఇంకా ఇంగ్లండు రాజు కింద ఉన్న రోజుల్లో, జర్మనీ నుంచి ఓడెక్కి పెన్సిల్వేనియా వెళ్లాడట. స్వేచ్ఛ కోసం వెళ్లాడని చెప్పేటప్పుడు ఇంజినీరుగారు కుర్చీలోంచి లేచి నిలబడేవారు. మొదటి తనిఖీ నాటికి ఆ తాత సామాన్య రైతు. మూడో తనిఖీకి భూస్వామి అయ్యాడు. ఇంకో రెండు తనిఖీలు జరిగితే ఏ జమీందారో అయ్యేవాడు. పుస్తకం అట్ట మీదికి, ఇంటిపేరు చెబితే రాజముద్ర పంపే ఒక ఆన్‌లైన్ దుకాణం నుంచి సింహం బొమ్మ కూడా తెప్పించారు.

ఇంతలో మేనేజరు రంగు మార్చడానికి ఒక సౌదీని ఉద్యోగంలో చేర్చుకున్నాడు. డిప్లొమా చదివిన మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి. పేరు రిజిస్టరులో ఉంటే చాలు, నువ్వు ఇంట్లోనే ఉండు, జీతం పంపిస్తామని చెప్పారు. ఆయన మర్నాడు ఉదయం ఏడుకే ఆఫీసుకు వచ్చేశాడు. పనిచేస్తానని వచ్చినవాణ్ణి ఏం చేయాలో మేనేజరుకు ఎవరూ నేర్పలేదు. చివరికి నా కుర్చీ అతనికిచ్చి, నన్ను శాశ్వతంగా మేడమీదికి పంపాడు.

ఆ వారమే ఇంజినీరుగారి దూరపు చెల్లెలొకావిడ అమెరికా నుంచి పాత కాగితాల నకళ్లు పంపింది. టైపు చేస్తూ నేను ఆగిపోయాను. తాత దగ్గర ఓడ కిరాయి లేదు. ఒక మిల్లు యజమాని వచ్చి ఆ బాకీ కట్టి కొనుక్కునేదాకా కెప్టెన్ అతన్ని ఓడ దిగనివ్వలేదు. అందుకు బదులు ఏడేళ్లు చాకిరీ. యజమాని అనుమతి లేకుండా పెళ్లి చేసుకోకూడదు, ఊరు దాటకూడదు. రెండో కాగితం పత్రికలో వేయించిన ప్రకటన: జర్మన్ పనివాడు పారిపోయాడు, ఇంగ్లీషు సరిగా రాదు, కొంచెం కుంటుతాడు, యజమాని టోపీ పెట్టుకుపోయాడు, పట్టి తెచ్చినవారికి బహుమానం.

మధ్యాహ్నం భోజనాల దగ్గర రాయచోటి డ్రైవరుకు చెప్పాను. ఇంజినీరుగారి బండి తోలేది అతనే. పనివాడు పారిపోయాడని కఫీలు, అంటే వీసా ఇచ్చిన యజమాని, ఫిర్యాదు రాయించడాన్ని ఇక్కడ హురూబ్ అంటారు. డ్రైవరు తినడం ఆపి అన్నాడు:

“ఆయప్ప తాతకూ కఫీలు ఉండాడన్నమాట. హురూబ్ గూడా పెట్టినాడు. టోపీ ఎత్తకపొయ్యి మంచి పని చేసినాడులేన్నా.”

ఇంజినీరుగారు మాత్రం నవ్వలేదు. కాగితాలు రెండుసార్లు చదివి, ఇతను మా తాత కాదు, అదే పేరున్న ఇంకెవరో అన్నారు. ఊరూ ఓడా కూడా అవేనని గుర్తుచేశాను. ఆ పేజీ తీసెయ్యమన్నారు. తీసేశాను. వడ్రంగికి చరిత్ర గురించి అభిప్రాయాలుండటం మంచిది కాదు.

వేసవిలో వాళ్ల వంశంవాళ్లంతా పెన్సిల్వేనియాలో ఒకచోట కలవాలనుకున్నారు. పుస్తకం అక్కడ పంచాలి. టికెట్టు కొన్నాక తెలిసింది, ఇంజినీరుగారి ఇఖామా గడువు దాటిపోయిందని. ఇఖామా లేనిదే దేశం దాటి వెళ్లిరావడానికి వీసా రాదు. కంపెనీ ఎరుపులో ఉంది కాబట్టి ఇఖామా రాదు. నేను అమెరికా పౌరుణ్ణి అని మేనేజరు గదిలో గట్టిగానే అన్నారట. మీ పాస్‌పోర్టు కంపెనీ బీరువాలో భద్రంగా ఉంది సార్ అని మేనేజరు మర్యాదగా జవాబిచ్చాడట.

వంశమంతా కలిసే రోజు గడిచిపోయింది. ఆ సాయంత్రం ఆయన కిటికీ దగ్గర నిలబడి, చమురు నింపుకొని వెళ్తున్న ఓడల్ని చాలాసేపు చూశారు. తిరిగి చూడకుండానే అడిగారు:

“అతను ఎందుకు పారిపోయి ఉంటాడంటావు?”

“ఎవరినో చూడాలనిపించి ఉంటుంది సార్,” అన్నాను.

ఆయన కిటికీ వదిలి నా బల్ల దగ్గరికి వచ్చారు. ఆ పేజీ ఉందా, చెరిపేశావా అన్నారు. ఉందన్నాను. పుస్తకం మొదట్లో పెట్టమన్నారు. మరి సింహం సంగతేమిటని అడిగితే, అది మాత్రం ఉండనీ అన్నారు.

ఆయన ప్రయాణాన్ని చివరికి కదిలించింది ఆ సౌదీ ఉద్యోగే. రోజూ పనికి వస్తున్నాడు కాబట్టి తన తరఫున బీమా కట్టి తీరాలని పట్టుబట్టాడు. బీమా లేని సౌదీ లెక్కలోకి రాడట; అది కట్టడంతో ప్రభుత్వ లెక్కలో ఒక మనిషి పెరిగి, కంపెనీ ఎరుపు దాటింది. తర్వాత తనే మూడు రోజులు పాస్‌పోర్టు ఆఫీసు చుట్టూ తిరిగి ముసలాయన కాగితాలు తెచ్చాడు. ఇంజినీరుగారు వెళ్లారు, మళ్లీ రాలేదు.

నా ఇఖామాలో కూడా వృత్తి మార్చుకోమన్నారు. ఎంతో తిరిగి గుమాస్తానయ్యాను. కొన్నాళ్లకే ఆఫీసుల్లో గుమాస్తా కొలువులు సౌదీలకేనన్నారు. వడ్రంగిగా ఉండుంటే నా జోలికి ఎవరూ వచ్చేవారు కాదు. ఆపైన, నా దగ్గరికి తెచ్చుకున్న భార్యాబిడ్డల తల మీదా పన్ను వేశారు. వాళ్లను ముందు పంపి, కొన్ని నెలలకు నేనూ, ఇక తిరిగి రానని, ఫైనల్ ఎగ్జిట్ తీసుకున్నాను.

దమ్మాం ఎయిర్‌పోర్టుకు నన్ను ఆ సౌదీయే తన కారులో తీసుకెళ్లాడు. దారిలో, మీ తాత తండ్రి పేరేమిటని అడిగాడు. తెలియదన్నాను. నిజంగానే నమ్మలేక నావైపు చూశాడు. నన్ను ఓదార్చడానికేమో, తన తండ్రి పేరు, ఆయన తండ్రి పేరు, ఆయన తండ్రి పేరు వరసగా చెప్పుకుంటూ బండి నడిపాడు. పార్కింగులో నా పెట్టె దించేటప్పటికి ఇంకా చెబుతూనే ఉన్నాడు.