మూడు పూటలా అల్లుడు

మా అత్తగారు నా ఎదుట కుర్చీలో కూర్చోరు. నా నీడ గుమ్మంలో పడితే చాలు, లేచి తలుపు చాటుకు వెళ్ళిపోతారు. నాతో ఏదైనా చెప్పాలంటే మా ఆవిడకు చెప్తారు, ఆమె లేకపోతే గోడకు చెప్తారు. తరతరాలుగా మద్రాసులోనే ఉన్నా ఆ ఇంటి మర్యాదలు మాత్రం మురికి కూవం నదిలో నీళ్ళలాగా కదలవు.

నిరుడు ఆమె జారిపడితే తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయ్యాక మా ఇంటికి తెచ్చుకున్నాం. ఆమె ప్రాణమంతా చింతాద్రిపేటలో తానొక్కతే ఉండే మేడమీది గది మీదే. ఫిజియోథెరపీ అమ్మాయేమో కుర్చీ పరీక్ష గట్టెక్కితేనే ఒంటరిగా ఉండనిస్తానంది. చేతులు గుండెలకు అడ్డంగా కట్టుకుని, అర నిమిషంలో ఎన్నిసార్లు లేస్తే అన్ని మార్కులు. చేతులు ఊనితే సున్నా.

మొదటి రోజు ఆమె ఎంత మూలిగినా కుర్చీ వదలలేదు. సరిగ్గా అప్పుడే నేను కాఫీ గ్లాసు కోసం లోపలికి వెళ్ళాను. ఆమె చేతులు ఊనకుండానే చివాలున లేచి నిలబడ్డారు.

"అమ్మాడీ! అవ్వా, సూపర్!" అని ఆ అమ్మాయి చప్పట్లు కొట్టింది. "సార్, మళ్ళీ బయటికి పోయి రండి."

పోయాను, వచ్చాను. నేను పోతే కూర్చున్నారు, వస్తే లేచారు. ఆఫీసులో పదిమందికి పని చెప్పేవాణ్ణి, కీలుబొమ్మలాగా గుమ్మంలో తిరిగాను. అర నిమిషం అయ్యేసరికి ఆయాసం నాకొచ్చింది, మార్కులు ఆమెకొచ్చాయి. మా ఆవిడ వాళ్ళమ్మ సంచీ సర్దబోయింది.

"లేదక్కా, ఇది చెల్లదు," అంది ఆ అమ్మాయి. "సారును చూసి లేస్తా ఉండారు. ఆ మేడమీద బాత్రూముకు పోవాలంటే సారు వస్తారా?"

అత్తగారి ముఖం వాడిపోయింది. "అట్లయితే నేనింక ఈడనే పడుండాల్నా?" అని గోడను అడిగారు. నా మనసు చివుక్కుమంది.

ఆ అమ్మాయి మందు రాసినట్టే చెప్పింది. "సారు మూడు పూటలా, అన్నానికి ముందర, ఇట్లనే లోపలికి వచ్చి పోవాల. లేచి లేచి కాళ్ళకు బలం వచ్చేస్తుంది."

వచ్చి పోయాను. పేపరు వెతికే వంకతో కొన్నాళ్ళు, లేని దోమను తోలే వంకతో కొన్నాళ్ళు. "ఈయనకు పనీపాటా లేదా?" అని గోడకు ఫిర్యాదు చేస్తూనే ఆమె లేచేవారు. పోనుపోను మూలుగు తగ్గింది.

చివరి పరీక్ష రోజున నన్ను వీధిలోకి తరిమి తలుపేశారు. ఎండలో నిలబడి, నా పదో తరగతి ఫలితాలకు కూడా మొక్కనన్ని దేవుళ్ళకు మొక్కాను. కాసేపటికి మా ఆవిడ తలుపు తీసి నవ్వింది. అత్తగారు గెలిచారు. మర్నాడే చింతాద్రిపేటకు ప్రయాణం.

లోపలికి వెళ్ళాను. ఆమె లేవలేదు. కుర్చీలోనే కూర్చుని, మా పెళ్ళయ్యాక మొదటిసారి, నా ముఖం చూసి మాట్లాడారు.

"ఈ పొద్దు కూచునే ఉంటా నాయనా. రేపట్నించి ఆడ ఎవుర్ని చూసి లేసేది?"

ఆమె వైపు చూడలేక గోడ వైపు తిరిగాను.

"రోజూ సాయంత్రం వస్తానని చెప్పు," అన్నాను గోడతో.