తిరగని నాబ్

పాత కెమెరాలు బాగుచేసే మెకానిక్‌ది పాముపగ. ‘మా బామ్మర్ది చెయ్యి పడిందంటే కెమెరా గోవిందా’ అని బావ ఊరంతా చాటాడు మరి. నిజానికి ఫిల్ము కొసను కుడివైపు రీలుకు సరిగ్గా తగిలించడం బావకే చేతకాదు.

తన కూతురి పెళ్లిలో ఫోటోలు బావే తీశాడు. ఫిల్ము జరిపే లివర్ లాగినప్పుడల్లా కెమెరా పైన ఎడమవైపు నాబ్ తిరగాలి. తిరగడం లేదంటే లోపల ఫిల్ము కదలడం లేదన్నమాట. అది తిరగకపోవడం మెకానిక్ చూశాడు, నోరు మెదపలేదు.

మర్నాడు బావ షాపుకొచ్చి కెమెరా బల్లమీద పడేశాడు.

“ముప్పై ఆరు ఫోటోల ఫిల్ము, నలభై దాటినా అయిపోదేంట్రా? మళ్ళీ పాడుచేశావు కదూ.”

మెకానిక్ వెనక మూత తీసి చూపించాడు.

“కెమెరా బాగానే ఉంది బావా. ఫిల్ము నువ్వే తగిలించలేదు. ఒక్క ఫోటో కూడా పడలేదు. మొదటి ఫోటోకే నాకు తెలుసు.”

బావ వెనకే వచ్చిన అక్క గుమ్మంలో ఆగిపోయింది.

“పెళ్లి నీ మేనకోడలిదిరా,” అంది.