కెప్టెన్ ప్లేటులో చేపముక్క

మా వారు ముచ్చటపడి బుక్ చేసిన నార్వే ఓడ యాత్రకు, ఆయన పోయాక, ఆడపడుచుతో వెళ్లాను. నడిసముద్రంలో ఆయన మాసికం తిథి వచ్చింది. ఫరీదాబాద్‌లో అయితే బాల్కనీ గోడమీద పెరుగన్నం పెట్టగానే కాకులు వాలేవి. ఇక్కడ డెక్ మీద ముద్ద పెట్టి, చలికి వణుకుతూ నిలబడ్డాం.

"ఏ పక్షీ ముట్టకపోతే అన్నయ్యకు ఇంకా ఏదో కోరిక మిగిలినట్టే వదినా," అంటూ ఆమె కళ్లు తుడుచుకుంది.

సీగల్ ఒకటి వాలింది. ముద్దను ముక్కుతో పక్కకు నెట్టి, ఎగిరి వెళ్లి, ఆ డెక్ మీదే భోంచేస్తున్న కెప్టెన్ ప్లేటులోంచి చేపముక్కను ఎత్తుకుపోయింది.

"అచ్ఛా! చేప కనపడితే పెరుగన్నం ముట్టడు. మా అన్నయ్యే వదినా!" అంది ఆడపడుచు.

నవ్వాపుకోలేక కెప్టెన్‌కు క్షమాపణ కూడా చెప్పలేకపోయాను.

ఇలాంటివి నేను నమ్మను. అయినా మరుసటి నెల నుంచి మా ఫరీదాబాద్ కాకులకు పెరుగన్నం మానేసి చేపల వేపుడే పెడుతున్నాను.