బాడుగ కట్టిన నేల

రొట్టెల కోసం వరుసలో నిలబడి తిరిగొచ్చేసరికి మా ఇల్లు లేదు. అది ఉన్న చోట ఎనిమిది సిమెంటు దిమ్మెలు మాత్రం మిగిలాయి. దారి తప్పి పక్క జాగాకు వచ్చామేమోనని నీళ్ల డ్రమ్ము కోసం చూశాను. డ్రమ్ము ఉంది. మాదే.

నేనూ బావా, అంటే మా అక్క మొగుడు, గల్ఫులో అహ్మది అనే ఊళ్లో ఒక కాంట్రాక్టరు దగ్గర వెల్డింగు పని చేసేవాళ్లం. గది బాడుగ పడలేక, ఊరవతల ఒక అరబ్బు యార్డులో నేల బాడుగకు తీసుకుని, క్రేనుతో ఎత్తి ఎక్కడైనా దించుకోగల పాత రేకుల ఇల్లు, పోర్టా క్యాబిన్, కొన్నాం. నాలుగేళ్లలో బావ మిగిల్చుకున్నదంతా దానికే పోయింది.

నేల బాడుగ గది బాడుగలో సగం కూడా లేదని బావ సంబరపడ్డాడు. నేను బడిలో లెక్కలు నేర్చినవాణ్ణి కాను గానీ, చేతికొచ్చిన ప్రతి ఫిల్సు బిళ్లనూ రెండుసార్లు తిప్పి చూసే అలవాటు. నీళ్ల ట్యాంకరు వేరు, కరెంటు వేరు, మురుగు తోడే లారీ వేరు, క్యాబిన్‌ను తెచ్చి దించే క్రేను వేరు అని చెప్పాను. అన్నీ కలిపితే మొదటి ఏడు గదికన్నా ఎక్కువే. మిగులు రెండో ఏడు నుంచే.

"అరబ్బు బాడుగ పెంచితే?" అన్నాడు బావ.

"ఎత్తుకొని ఇంకో చోటికి పోతాం. క్రేను ఖర్చు కూడా లెక్కలో ఏసినా."

మా ఊరి వైపు ఒకరి జాగాలో బాడుగకు కొట్టం వేసుకున్నవాడు, పోయేటప్పుడు రేకులు, గుంజలు, తలుపుతో సహా బండికెత్తుకుని పోతాడు. నేల వాళ్లది, పైనున్నది మనది. ఆ ధైర్యంతోనే ఆరు నెలల బాడుగ ఒకేసారి కట్టేశాం. అలా కడితే ఒక నెల తగ్గిస్తానన్నాడు అరబ్బు.

కట్టిన నెలలోపే ఇరాక్ సైన్యం మేమున్న దేశం మీదికి వచ్చింది. అరబ్బు ఏమయ్యాడో తెలియదు. కాంట్రాక్టరు పారిపోయాడు, జీతాలు ఆగాయి. మనవాళ్లు ఊరికి పోయే విమానం కోసం బాగ్దాద్ మీదుగా అమ్మాన్‌కు బస్సులు పట్టుకుంటున్నారు. మాకూ రెండు సీట్లు చెప్పి ఉంచాను. బావ కదలడు.

"ఇల్లు ఇడిచిపెట్టి యాడికొస్తా? నా కష్టమంతా ఈడనే ఉండాది. నువ్వు పో."

ఆయన్ను వదిలి పోతే అక్కకు ఏం చెప్పాలి? బియ్యం అడుగంటాయి. రొట్టెల కోసం వెళ్లిన ఆ రోజు మధ్యాహ్నమే బస్సు.

ఖాళీ దిమ్మెల ముందు నిలబడి ఉంటే, యార్డు కాపలా చూసే మిస్రీ, అంటే ఈజిప్టు దేశపు ముసలాయన మా దగ్గరకు వచ్చాడు. సైనికులు క్రేను, లారీ తెచ్చారట. గోడకు గీత పడకుండా ఎత్తుకుపోయారట. "ఖలాస్," అని చేతులు దులిపాడు. మా అన్నం సట్టిని మాత్రం మూతతో సహా ఒక దిమ్మె మీద పెట్టిపోయారు. ఆ మర్యాద చూసి ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

బావ ఇంకో దిమ్మె మీద కూర్చున్నాడు.

"లెయ్ బావా."

"లెయ్యను. ఈ నేలకు జనవరి దాకా బాడుగ కట్టినాం. నన్ను లేపేటోడు ఎవుడో సూస్తా."

ఎండ నెత్తికెక్కుతోంది. కాసేపటికి సట్టి మూత తీసి చల్లన్నంలో చెయ్యి పెట్టి, నా వైపు తిరిగాడు.

"క్రేను ఖర్చు మనకు మిగిలింది గదప్పా బామ్మర్దీ. ఆ లెక్క కూడా ఏసుకో."

ఎన్ని ఖర్చులు రాశాను! ఎత్తుకుపోగలిగిన ఇంటిని ఎవరైనా ఎత్తుకుపోగలరని తట్టలేదు.

సగం తిని, మిగతా సగం నా ముందుకు తోశాడు. చెయ్యి కడుక్కుని, "బస్సు ఎన్నింటికి?" అన్నాడు.

లేచేముందు ముసలాయనను పిలిచి, దిమ్మెల మధ్య నేల చూపించి, వచ్చిన అరబీలో, "జనవరి దాకా ఇది నీదే" అన్నాడు. డ్రమ్ములో ట్యాంకరు నీళ్లు సగానికి పైగా ఉన్నాయి. మూత సరిగ్గా పెట్టి, గాలికి ఎగరకుండా దాని మీద రాయి పెట్టి, నాకన్నా ముందు నడిచాడు.