ప్రతిదానికీ ‘ఔను’ అన్న ముద్దాయి

1998 నవంబరులో అరకు లోయకు ఎగువనున్న ఒక మండల కేంద్రంలో జ్యుడిషియల్ ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటుగా చేరాను. కోర్టు అంటే రెండు గదుల పెంకుటిల్లు, దాని వెనక సబ్ జైలు. పొద్దున పదింటికి కూడా మంచు వీడకపోతే లైటు వేసుకుని కాగితాలు చదివేవాళ్లం. శిక్ష కింద వేశారని మైదానంలోని సహోద్యోగులు జాలిపడ్డారు. వాళ్లు జాలిపడటానికి తొందరపడ్డారు. అసలు తిట్లు తర్వాత వచ్చాయి. మొదట ఒక వర్గం నన్ను ‘అన్నల జడ్జి’ అంది. కొన్నేళ్లకు ఇంకో వర్గం ‘పోలీసుల జడ్జి’ అని గోడల మీద రాసింది. రెండు పేర్లూ ఒకే కేసులో వచ్చాయి.

నేను చేరిన మూడో నెలలో ఘాట్ రోడ్డు కల్వర్టు కింద మందుపాతర పేలి పోలీసు జీపు ఎగిరిపోయింది. ఇద్దరు కానిస్టేబుళ్లు చనిపోయారు. పది రోజులకు ఇన్‌స్పెక్టరు, వంతల సుక్రు అనే కాఫీ రైతును నా ముందు హాజరుపరిచాడు. పాతర పెట్టింది తానేనని ఒప్పుకుంటున్నాడు, సెక్షన్ 164 కింద వాంగ్మూలం రాయమని అర్జీ. పోలీసుల ముందు ఒప్పుకున్నది సాక్ష్యం కాదు. మేజిస్ట్రేటు రాస్తేనే దానికి విలువ. ఆ కాగితం కోసం వాళ్ల ఆత్రం అందుకే.

రాసేముందు చేయాల్సిన పనులున్నాయి. సంకెళ్లు తీయించాలి. పోలీసులను గది బయటికి, వీలైతే ఆవరణ బయటికి పంపాలి. ఒప్పుకోవాల్సిన పనిలేదనీ, ఒప్పుకుంటే అది తనకే ఎదురు తిరుగుతుందనీ, ఒప్పుకోకపోయినా మళ్లీ పోలీసులకు అప్పగించననీ ముద్దాయికి అర్థమయ్యేలా చెప్పాలి. అర్థమయ్యేలా అన్నచోటే చిక్కంతా.

సుక్రుకు నలభై ఏళ్లుంటాయి. అరికాళ్లు పూర్తిగా నేలకు ఆనించకుండా నిలబడ్డాడు. పోలీసులు కొట్టారా అని అడిగాను. “ఔను బాబూ” అన్నాడు. కొట్టలేదా అన్నాను. “ఔను బాబూ.” నాకు అనుమానం వచ్చింది.

“మొన్న విశాఖపట్నంలో ఓడను ముంచింది నువ్వేనా?”

“ఔను బాబూ.”

అదే వినయం, అదే గొంతు. అతను మాట్లాడేది కొండల్లో వాడే ఒరియా. తెలుగు వచ్చినా సంతలో ఉప్పు కొనుక్కునేంతే.

మా బెంచి క్లర్కు అప్పలనాయుడు విజయనగరం వైపువాడు, ముప్పై ఏళ్ల సర్వీసు. నా చెవి దగ్గర వంగి, “ఏటి బాబూ, ఇంకా ఆలోసిత్తన్నారు? ఆడు ఔనంటన్నాడు గదా. బేగి రాసీసి పంపించీండి. ఆ ఇన్‌స్పెక్టరుతోటి మనకెందుకు?” అన్నాడు. దేనికి ఔనంటున్నాడో తెలిశాక రాద్దామన్నాను. సుక్రును ఒకరోజు సబ్ జైల్లో ఉంచమని ఆర్డరు వేసి, దుబాసీ కోసం కబురు పంపాను.

ఇన్‌స్పెక్టరు నా ఛాంబరులోకి వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

“సార్, ఆ ఇద్దరినీ రోడ్డు మీద ముక్కలుగా ఏరుకున్నది నేను. మీరు నాకు రూలు చెబుతున్నారు.”

అతని బాధ నటన కాదు. ఆ సంగతి నాకు అప్పుడూ తెలుసు. “అందుకే అసలువాడు దొరకాలి. వీడు కాకపోతే అసలువాడు ఇంకా అడవిలోనే ఉన్నట్టు” అన్నాను. తలుపు కొట్టుకునేలా వేసి వెళ్లిపోయాడు.

మర్నాడు పాంగి కుమారి వచ్చింది. ప్రాథమిక పాఠశాల టీచరు, సుక్రు భాషే ఆమెకూ ఇంటి భాష. ప్రమాణం చేయించి కూర్చోబెట్టాను. పోలీసులకు అప్పగించరన్న మాట ఆమె నోట విని సుక్రు రెండుసార్లు మళ్లీ అడిగి రూఢి చేసుకున్నాడు. తర్వాత నేల మీద చతికిలపడి గంటసేపు మాట్లాడాడు. దళం తుపాకులతో తన ఇంటికి వచ్చింది, తను అన్నం వండిపెట్టాడు, పాతర సంగతి తనకు తెలియదు. మధ్యలో కుమారి ఆగింది.

“సార్, దళానికి అన్నం వండి పెట్టేనని కూడా సెప్తన్నాడు. అది రాస్తే ఆడికే గదా సెడ్డ?”

“రాయాలమ్మా. చెప్పిందంతా రాయాలి.”

ఆమెకు అది నచ్చలేదు. నేను రాశాను. అరికాళ్ల మీది వాపులు కూడా నమోదు చేసి, డాక్టరు దగ్గరికి పంపాను.

మందుపాతర కేసు అతని మీద నిలవలేదు. కానీ ఆ అన్నం వండిన మాట పట్టుకుని అతన్ని పదకొండు నెలలు జైల్లో ఉంచారు. కోసేవాళ్లు లేక ఆ ఏడాది అతని కాఫీ పళ్లు చెట్ల కిందే కుళ్లాయి. ఆ నష్టంలో నా కలానికీ వాటా ఉంది. కాదనను.

పోలీసులను అవమానించానని హైకోర్టుకు ఫిర్యాదు వెళ్లింది, సంజాయిషీ అడిగారు. సెక్షన్ 164 నకలు జతచేసి, ఇందులో నేను తప్పిన వాక్యమేదో చూపమని రెండు లైన్లు రాశాను. జవాబు రాలేదు. బదిలీ ఆర్డరు వచ్చింది.

మూడేళ్లకు పాతర పెట్టిన దళ సభ్యుడు దొరికాడు. అప్పటికి నేను లంబసింగి దిగువన మరో ఏజెన్సీ కోర్టులో ఉన్నాను. అతను మాట్లాడతానన్నాడు. వాంగ్మూలం రాసే పని పై కోర్టు నాకే అప్పగించింది. అవే హెచ్చరికలు, అదే ఒకరోజు గడువు. మర్నాడు వచ్చి వైరు ఎక్కణ్ణించి లాగాడో, ఎవరు మీట నొక్కారో దాపరికం లేకుండా, కాస్త గర్వంగానే చెప్పాడు. విచారణలో సాక్షి బోనెక్కిన నన్ను అతని వకీలు రెండు రోజులు ప్రశ్నించాడు. వాంగ్మూలం చెక్కుచెదరలేదు. యావజ్జీవం పడింది.

వారం తిరక్కుండా గోడల మీద నా పేరు వెలసింది. గన్‌మన్‌ను ఇస్తామన్నారు. వద్దని చెప్పి, ఎప్పటిలాగే ఆర్టీసీ బస్సులో కోర్టుకు వెళ్లాను.

సుక్రు ‘ఔను’ను మొదటిరోజే రాసి ఉంటే కేసు అక్కడితో మూసేసేవారు. ఇద్దరు కానిస్టేబుళ్లను చంపినవాణ్ని ఎవరూ వెతికేవారు కాదు. తప్పుడు ఒప్పుకోలు నిర్దోషిని ముంచడంతో ఆగదు, దోషికి దారి వదులుతుంది. నాకు పేర్లు పెట్టిన రెండు వర్గాల్లో ఎవరూ ఈ మాట ఒప్పుకోలేదు. వాళ్ల ఒప్పుకోలు నాకు అక్కర్లేదు.