వేళ్ళకు తెలియని రజను

షెడ్డులో అందరూ ఆయన్ని మరల మామ అనేవారు. పైపుల కొసలకు మరలు కోయడం ఆయన పని. ఇనుప పైపును వైసులో బిగించి, కొసకు మర కోసే పళ్ళున్న డై తగిలించి, పొడుగాటి పిడి పట్టుకుని తిప్పేవాడు. సగం చుట్టు ముందుకు, కాస్త వెనక్కు, మళ్ళీ ముందుకు. మధ్యమధ్య ఆగి నూనె పోసేవాడు. నూనె లేకపోతే డై పళ్ళు ఇనుమును కొయ్యవు, కొరుకుతాయి.

పోసిన నూనె పైపు మీదే నిలవదు కదా. ఇనుప చుట్టలతో, రజనుతో, అంటే సన్నటి ఇనుప పొడితో కలిసి కిందికి కారుతుంది. వేరే షెడ్లలో అది నేలపాలు. ఇక్కడ మాత్రం వైసు కింద రేకు తట్ట, తట్టకు జల్లెడ, జల్లెడ కింద డబ్బా. ఎంగిలి చేత్తో కాకిని తోలని మనిషి ఓనరు. "కారిన నూనె చచ్చిపోయిన నూనె కాదయ్యా, అలిసిపోయిన నూనె. కాసేపు పడుకోబెడితే లేచి పనిచేస్తుంది" అనేవాడు. మనుషుల గురించి కూడా ఆయన అభిప్రాయం అదే, ఆ పడుకోబెట్టే ముక్క తప్ప.

డబ్బాలు రెండుండేవి. ఒకటి కారడానికి, ఒకటి తేరడానికి. తేరిన డబ్బాలో బరువైన రజను అడుగుకు దిగాక, సాయంత్రం మామ పైతేటను వంచి, అందులో అయస్కాంతం తిప్పి, రెండు మడతల పాత నూలుగుడ్డలో వడకట్టేవాడు. అయినా పైపుల మీది తెల్లటి జింకు పూత పొడి అయస్కాంతానికి అంటదు. మరీ సన్నటి రజను గుడ్డకు ఆగదు. వాడిన నూనె నల్లగా ఉంటుంది కాబట్టి కంటికీ కనపడదు. ఇక మిగిలేది వేళ్ళు. ఒక చుక్క తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రాసి చూడాలి. గరుకు తగిలితే ఆ నూనె పనికిరాదు. పోస్తే రజను డై పళ్ళ కింద పడి మరను చీరేస్తుంది. ఆ చిరుగు మీద జనపనార చుట్టి, రంగు పూసి బిగిస్తే ఇక దేవుడికి కూడా కనపడదు.

రాసి చూడటంలో మామను మించినవాడు లేడని పేరు. గుత్తేదార్లు వచ్చినప్పుడు ఓనరు కావాలనే పిలిచేవాడు. "మామా, ఓసారి నూనె చూడు." మామ రెండు వేళ్ళు ముంచి, కళ్ళు మూసుకుని, రాసి, "బాగుంది" అనేవాడు. గుత్తేదార్లు తలలూపేవారు. ఆయనకు ఇంకే గొప్పా లేదు. చదువు లేదు, సెంటు భూమి లేదు, పిల్లలు లేరు. ఉన్నదల్లా ఆ రెండు వేళ్ళే.

ఆ వేళ్ళకు స్పర్శ పోయింది.

ఒక్కరోజులో పోలేదు. నూనెలో నానీ నానీ ముందు చర్మం పగిలింది. పగుళ్ళలో నలుపు దిగి, ఎంత తోమినా పోలేదు. తర్వాత పగుళ్ళు పూడి వేళ్ళ కొసలు పాత చెప్పు అడుగులా గట్టిపడ్డాయి. నొప్పి తగ్గింది కదా అని మామ సంతోషించాడు కూడా. ఒకనాడు కంచం ముందు కూర్చుంటే భార్య అడిగింది.

"ఏమయ్యా, ఆ రక్తం ఏంటి?"

చూసుకుంటే చూపుడువేలి కొసలో ఇనుప చీలిక సగానికి దిగి ఉంది. ఎప్పుడు దిగిందో తెలియదు. ఆమె సూది తెచ్చి తీయడం మొదలుపెట్టింది.

"నొప్పిగా ఉందా?"

"లేదు."

"ఇప్పుడు?"

"లేదన్నాగా. ఎన్నిసార్లు అడుగుతావే?"

చీలిక అప్పటికే బయటికి వచ్చేసింది. ఆమె ఊరికే, మంచి చర్మం మీద, సూదిమొన గుచ్చి చూస్తోంది. ఆయన గోడకేసి చూస్తూ అన్నం కలుపుకోవడానికి తొందరపడుతున్నాడు.

"డాక్టరుకి చూపిద్దాం పద" అంది ఆమె, గొంతు తగ్గించి.

"చూపిస్తే షెడ్డులో తెలీకుండా ఉంటుందా? వేళ్ళు చచ్చినవాణ్ణి వైసు దగ్గర ఎవడు నిలబెడతాడు? లారీలకి పైపులు మొయ్యమంటారు. ఈ వయసులో నా నడుముకి ఆ మర్యాద కూడా జరగాలా?"

అలా ఆమె ఆయనకు వేళ్ళయింది. ఆమె ఒక దర్జీ దగ్గర్నుంచి బట్టలు తెచ్చుకుని ఇంట్లో అంచులు కుట్టేది. కళ్ళు మూసుకుని తాకినా ఏ బట్టలో ఏ పోగు తెగిందో చెప్పగలదు. ఆయన సాయంత్రం వడకట్టిన నూనెను సీసా మూతలో కొంచెం పట్టుకొచ్చేవాడు. ఆమె రాసి చూసి చెప్పేది. పొద్దున్నే ఆయన అందరి ముందూ వేళ్ళు ముంచి, కళ్ళు మూసుకుని, పెళ్ళాం చెప్పిన మాటే అప్పజెప్పేవాడు. ఎవరికీ అనుమానం రాలేదు. పేరు ఇంకాస్త పెరిగింది కూడా.

ఆమె మాత్రం ఆ పని తర్వాత చేతులు కడుక్కుని, మళ్ళీ కడుక్కుని కుట్టుకు కూర్చునేది. ఎంత కడిగినా నల్లనూనె గోటి సందుల్లో దాక్కుంటుంది. ఒకసారి తెల్లటి పట్టు మీద వేలిముద్ర పడింది. దర్జీ ఆ బట్టను ఆమె ముందు పరిచి, "అమ్మా, నీ కుట్టు బంగారమే. ఆ బంగారానికి ఈ మసేంటమ్మా? ఇంక రావద్దు" అన్నాడు. చిన్నప్పటినుంచీ పట్టిన సూది ఆమె చేతిలోంచి అలా పోయింది.

ఆ మర్నాడు సాయంత్రం మామ మళ్ళీ మూత పట్టుకుని వచ్చాడు.

"సిగ్గుండాలయ్యా" అంది ఆమె. "నిన్ననే కదా ఈ దిక్కుమాలిన నూనె నా నోటి దగ్గర కూడు లాగేసింది. ఇవాళ మళ్ళీ తెచ్చావా?"

"రేపు లాండ్రీ పైపులు కొయ్యాలే. ఆవిరి పోయే పైపులు. బిగించేది మీ తమ్ముడే. ఒక్కసారి చూసి చెప్పు, తర్వాత ఎంతైనా తిట్టుకో."

ఆమె తమ్ముడు ఫిట్టర్. మామ మర కోసిన పైపుల్ని మోసుకెళ్ళి బిగించేది ఎక్కువగా అతనే. పెళ్ళి కాలేదు, ఒక్కడే ఒక గదిలో ఉండేవాడు. తిండి మాత్రం అక్క దగ్గర.

ఆమె మూతలో వేలు ముంచి, ఒక్కసారి రాసి, తలుపుకు తుడిచేసింది.

"ఇసకలా ఉంది. పారబోసుకో."

"సరిగ్గా చూడనే లేదు."

"చూశాను."

"రెండుసార్లు వడకట్టానే ఇవాళ!"

"అయితే నన్నెందుకు అడగడం? నీ వేళ్ళనే అడుగు."

ఆమె ముఖం తిప్పుకుంది. కోపం మీద ఉంది, ఏం తెచ్చినా ఇసకే అంటుంది అనుకున్నాడు మామ. కోపం లేనివాళ్ళని ఎవరినైనా అడగొచ్చు. షెడ్డులో ఏ కుర్రాణ్ణి పిలిచి రాయమన్నా క్షణంలో చెప్పేవాడు. కానీ అడిగితే, నీ వేళ్ళకేమైంది అంటాడు. అక్కడే ఉంది మెలిక.

పొద్దున్న గుత్తేదారు వచ్చి నిలబడ్డాడు. "మామా, ఓసారి నూనె చూడు" అన్నాడు ఓనరు. మామ ముంచి రాశాడు. నున్నగా ఉంది. ఆ వేళ్ళకు లోకంలో అన్నీ నున్నగానే ఉన్నాయి మరి. "బాగుంది" అన్నాడు.

కోస్తున్నప్పుడు పిడి అక్కడక్కడ అదిరింది. డై పాతదిలే అనుకున్నాడు. మనిషి తనకు కావలసినప్పుడు ఎంత సులువుగా నమ్ముతాడో!

బావమరిది పైపులు బిగించాడు. చన్నీళ్ళు పెట్టి పరీక్షించారు, చుక్క కారలేదు. కానీ నీళ్ళు వేరు, ఆవిరి వేరు. ఆవిరి వదిలిన నాడు అతను నిచ్చెన మీద నిలబడి ఒక్కో అతుకు దగ్గరా చెవి పెట్టి వింటున్నాడు. చీరుకుపోయిన మర వేడికి పట్టు వదిలేసింది. పైపు ఊడి వచ్చింది. ఆవిరి ఎగదన్ని అతనికి మెడ నుంచి భుజం మీదుగా వీపు దాకా ఉడికిపోయింది.

మామ ఆసుపత్రికి వెళ్ళేసరికి అతను బోర్లా పడుకుని ఉన్నాడు. పక్కన అక్క.

"రా బావా. సగం ఉడికాను, సగం పచ్చిగానే ఉన్నాను. పిల్లనిచ్చేవాడెవడైనా ఉంటే ఈ పక్కనుంచి చూపించు" అని నవ్వబోయి, మెడ లాగి ఆగిపోయాడు. కాసేపటికి మళ్ళీ అన్నాడు. "పైపు నాసిరకమట. ఓనరు వచ్చి చెప్పి వెళ్ళాడు. నువ్వేం మనసులో పెట్టుకోకు. నీ మరకి నేను వంక పెడతానా?"

అక్క తమ్ముడి తల కింద గుడ్డ సర్దుతోంది. సర్దిన గుడ్డనే మళ్ళీ సర్దింది.

ఇంటికి నడిచి వస్తుంటే దారిలో ఆమె అడిగింది.

"నేను చెప్పానా లేదా?"

"చెప్పావు."

"మరి?"

"కోపంతో అన్నావనుకున్నా."

"కోపం నీ మీదయ్యా. నూనె మీద కాదు."

"వాడికి చెప్పాలంటావా?" అన్నాడు మామ.

"నేనేమంటే నువ్వు వింటావు గనక?"

మర్నాడు ఆయన ఓనరు గదిలోకి వెళ్ళి నిలబడ్డాడు. వేళ్ళకు స్పర్శ లేదని, చాలాకాలంగా లేదని, లాండ్రీ పైపులకు గరుకు నూనె పోసింది తనేనని చెప్పేశాడు. ఆ మాటల బరువుకు తను అక్కడే కూలిపోతాననుకున్నాడు. ఓనరు టీ గ్లాసు కింద పెట్టలేదు.

"ఇంతేనా? నీ వేళ్ళ మీద నడుస్తోందనుకున్నావా షెడ్డు? నువ్వు పారబోయమన్న నూనె ఎప్పుడైనా కాలవలో కనపడిందా నీకు? వెనక డబ్బాలో పోయిస్తా. మర్నాడు కొంచెం కొంచెం కలిపిస్తా."

మామకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది.

"మరి నేను రాసి చూడటం?"

"గుత్తేదార్లకి బాగుంటుంది మామా. నమ్మకంగా ఉంటుంది. రాస్తూ ఉండు. ఇప్పుడు నాకు చెప్పింది బయట వాగకు. పైపు నాసిరకం అని చెప్పేశాం, ఆ గొడవ అయిపోయింది."

ఇన్నేళ్ళూ పెళ్ళాం చేతుల్ని మసి చేసి, గుట్టుగా దాచుకున్న రహస్యం ఎవరికీ అక్కర్లేనిదని తెలిస్తే మనిషికి తేలికవ్వాలి. మామకు తేలిక కాలేదు. ఇసకలా ఉందని ఆమె అన్న నూనెలో తను ఎప్పుడో పారబోయమన్న రజను కూడా ఉండి ఉంటుంది. అయితే ఏం? పోసింది తనే. బాగుందన్నది తనే.

తర్వాత గుత్తేదారు వచ్చినప్పుడు ఓనరు మామూలుగానే పిలిచాడు. మామ వేళ్ళు ముంచి, ఈసారి కళ్ళు తెరిచే ఉంచి, రాసి, "రజనుంది" అన్నాడు. గుత్తేదారు ఓనరు ముఖం చూశాడు. కొత్త నూనె డబ్బా తెరవక తప్పలేదు. ఇంకోనాడూ అంతే, "రజనుంది." కొత్త డబ్బాలోంచి తీసిన నూనెకు కూడా అదే మాట అన్నప్పుడు కుర్రాళ్ళు కిసుక్కున నవ్వారు. ఆయన నవ్వలేదు. తెలియనప్పుడు అనగలిగిన నిజం అదొక్కటే అనిపించింది ఆయనకు.

వైసు దగ్గర వేరేవాణ్ణి పెట్టారు. మామను లారీల వైపు పంపారు. ఏ పని నుంచి తప్పించుకోవడానికి ఇంత నాటకమాడాడో, ఆ పనే ఇప్పుడు భుజం మీదికెక్కింది.

ఈలోగా బావమరిది ఆసుపత్రి నుంచి వచ్చాడు. వీపు మీద తనకు అందని చోట మందు రాయించుకోవడానికి రోజూ అక్క దగ్గరికి వచ్చేవాడు. ఒక సాయంత్రం వస్తూనే గొంతు పెంచాడు.

"ఏంటి బావా, నీచేత పైపులు మోయిస్తున్నారా? ఇప్పుడే విన్నా. నిన్ను తీసేసే మొగాడా వాడు? రేపు నేనొస్తా. ఫిట్టర్లందరినీ వెంటేసుకొస్తా. నీ మరకి పేరు పెట్టేవాడెవడో తేల్చుకుందాం."

"వద్దురా."

"నువ్వూరుకో! నోరు లేదనేగా నిన్ను తొక్కుతున్నారు."

"వద్దన్నానా? నా మరే తప్పింది." మామ తన వేళ్ళను చూసుకుంటూ చెప్పాడు. "వీటికి తెలియదు. రాయి రాసినా ఇవి నూనే అంటాయి. గరుకు నూనె పోసి కోశాను. నువ్వు ఉడికింది నా వల్ల."

బావమరిది చొక్కా సగం విప్పి ఉన్నాడు, మందు రాయించుకోవడానికి. అతను తిడతాడని, కొడతాడని మామ ఎదురుచూశాడు. కొట్టినా బాగుండేది.

"అక్కకి తెలుసా?" అన్నాడు చివరికి.

వంటగదిలో గిన్నెల చప్పుడు ఆగింది.

"తెలీదు" అన్నాడు మామ.

ఆమె చేయి తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. "తెలుసురా. ఆ నూనె రాసి చూసింది నేనే. ఇసకలా ఉందని చెప్పాను."

"ముందే తెలుసా?"

"తెలుసు."

"నేను బిగించబోతున్నానని?"

"తెలుసు. పారబొయ్యమన్నాను. పారబోస్తాడనుకున్నాను."

"నాకెందుకు చెప్పలేదు?"

ఆ రాత్రి ఆమె కోపంగా ఉంది, పొద్దున కూడా కోపంగానే ఉంది. తమ్ముడు పొద్దున్నే అన్నం తినడానికి వస్తే ఎదురుగా కూర్చుని పెట్టింది. మొగుడి మీద ఉక్రోషంలో నూనె మాటే గుర్తు రాలేదు. అది చెప్పుకునే మాటా?

"మందు రాస్తా, తిరుగు" అంది, గూట్లోంచి మందు తీస్తూ.

అతను ఆమె చేతిలోని మందు తీసుకుని జేబులో వేసుకున్నాడు. చొక్కా భుజం మీదికి లాక్కోబోతే పచ్చిపుండుకు తగిలి పళ్ళు బిగించాడు. ఇద్దరూ ఒక్కసారే ముందుకు వచ్చారు. అతను వద్దన్నట్టు చేయి అడ్డం పెట్టాడు. ఆ చొక్కాతో అలాగే గుమ్మం దిగి వెళ్ళిపోయాడు. అతని గదిలో వీపుకు మందు రాసేవాళ్ళు ఎవరూ లేరు.

అతని వాటా అన్నం ఆమె పొయ్యి మీదే ఉంచింది. మామ తినమన్నా ఆమె తినలేదు, ఆయనా తినలేదు. తలుపుకు మాత్రం ఆయన్ని గడియ వెయ్యనివ్వలేదు.